కీ తిప్పితే టక్ టక్ మంటుంది, ఇంజన్ తిరగదు: సెల్ఫ్ మోటర్ విప్పే ముందు ఏం చూడాలి

ప్రశ్న ఇది: కీ తిప్పితే టక్ టక్‌మని శబ్దం వస్తోంది గానీ ఇంజన్ తిరగడం లేదు. డ్యాష్‌బోర్డు లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, బ్యాటరీ వేసి రెండేళ్లే అయింది. అంటే సెల్ఫ్ మోటర్ పోయినట్టేనా, కొత్తది వేయించాలా?

ఇప్పుడే వేయించకండి. ఈ లక్షణం ఉన్న బళ్లలో తప్పు చాలాసార్లు బ్యాటరీలోనో, టెర్మినల్స్ దగ్గరో, ఎర్త్ కేబుల్లోనో దొరుకుతుంది. సెల్ఫ్ మోటర్ వంతు ఆ తర్వాతే. హారన్ మోగింది కాబట్టి బ్యాటరీ బాగుందనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. హారన్‌కి ఐదారు ఆంపియర్లు చాలు. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బులు రెండూ కలిపి తీసుకునేది 9, 10 ఆంపియర్లు. అదే సెల్ఫ్ మోటర్, చిన్న పెట్రోల్ ఇంజన్‌ని తిప్పడానికే 100 నుంచి 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. డీజిల్‌కి ఇంకా ఎక్కువ కావాలి. ఆగి ఉన్న మోటర్ కదిలే మొదటి క్షణంలో ఆ లెక్క మరీ పెరుగుతుంది. కాబట్టి బ్యాటరీలో 12 వోల్టులు ఉండటం వేరు, 150 ఆంపియర్లు లాగుతున్నప్పుడు కూడా అది నిలబడటం వేరు. కింద చెప్పే పరీక్షలన్నీ తేల్చేది ఒక్కటే: ఆ కరెంటు ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ ఆగుతోంది.

ముందు హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచండి. పరీక్ష మధ్యలో ఇంజన్ ఉన్నట్టుండి స్టార్ట్ అయితే బండి ముందుకు దూకకూడదు.

శబ్దాన్ని సరిగ్గా వినండి

టక్ అనే శబ్దాల్లో మూడు రకాలున్నాయి, మూడూ మూడు వేర్వేరు చోట్లకి దారి చూపిస్తాయి. బానెట్ కింద నుంచి టకటకటకమని ఆగకుండా కొట్టుకోవడం మొదటిది. ఒక్కసారి బలంగా టక్‌మని ఆపై నిశ్శబ్దం అయిపోవడం రెండోది. డ్యాష్‌బోర్డు కింద నుంచో ఫ్యూజ్ బాక్స్ నుంచో సన్నగా ఒక్క టిక్ వినబడటం మూడోది. ఒకరిని లోపల కూర్చోబెట్టి కీ తిప్పమని, మీరు బానెట్ ఎత్తి దగ్గరగా వినండి.

మొదటి రకం ఎందుకు వస్తుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. సెల్ఫ్ మోటర్ పైన అంటుకుని ఉండే చిన్న గుండ్రటి డబ్బానే సాలినాయిడ్. దాని లోపల రెండు తీగచుట్టలుంటాయి. ఒకటి ప్లంజర్ని, అంటే లోపలికీ బయటికీ జారే ఇనుప కడ్డీని లోపలికి లాగేది, రెండోది లాగిన ప్లంజర్ని పట్టి ఉంచేది. లాగే చుట్టకి ఎర్త్ దారి, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి, మోటర్ గుండానే ఉంటుంది. ప్లంజర్ లోపలికి వెళ్లి రాగి కాంటాక్టులు రెండింటినీ కలపగానే ఆ చుట్టకి రెండు వైపులా ఒకే వోల్టేజీ వచ్చి, అది పనిచేయడం మానేస్తుంది. ఇక ప్లంజర్ని పట్టి ఉంచేది రెండో చుట్ట ఒక్కటే. సరిగ్గా అదే క్షణంలో మోటర్ భారీగా కరెంటు లాగుతుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నా, టెర్మినల్ వదులుగా ఉన్నా వోల్టేజీ ఒక్కసారిగా కుప్పకూలుతుంది. పట్టి ఉంచే చుట్టకి బలం చాలదు, స్ప్రింగు ప్లంజర్ని వెనక్కి తోసేస్తుంది. కాంటాక్టులు విడిపోయాయి, లోడ్ పోయింది, వోల్టేజీ మళ్లీ లేచింది, ప్లంజర్ మళ్లీ లోపలికి వెళ్లింది. సెకనుకి చాలాసార్లు ఇదే జరుగుతుంటే మనకి టకటకమని వినిపిస్తుంది.

అంటే టకటకలాడే బండిలో సాలినాయిడ్ పనిచేస్తోంది, కీ నుంచి వచ్చే సిగ్నల్ వస్తోంది, కాంటాక్టులు కూడా కలుస్తున్నాయి. లేనిది కరెంటు. ఇలాంటప్పుడు సెల్ఫ్ మోటర్ మార్చడం డబ్బు దండగ. ఒక్క మినహాయింపు ఉంది: బ్యాటరీ, కేబుల్స్ నిక్కచ్చిగా బాగున్నాయని తేలాక కూడా టకటక ఆగకపోతే, పట్టి ఉంచే చుట్ట తెగిపోయి ఉండవచ్చు. అది అరుదు, చివర్లో ఆలోచించాల్సిన సంగతి.

మీటర్ లేకపోయినా చేయగలిగే పరీక్ష

క్యాబిన్ లైటు వేసి, దాన్నే చూస్తూ కీ తిప్పండి. కొన్ని బళ్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు హెడ్‌లైట్లని కంప్యూటరే ఆపేస్తుంది, అందుకే హెడ్‌లైట్ కంటే క్యాబిన్ లైటు నమ్మకం. లైటు పూర్తిగా మసకబారిందంటే బ్యాటరీలో సరుకు లేదు, లేదా మోటర్ కదలలేక విపరీతంగా లాగుతోంది. టప్పున ఆరిపోయి కీ వదలగానే మళ్లీ వెలిగిందంటే టెర్మినల్‌నే అనుమానించండి. టక్‌మన్నా లైటు చలించకుండా వెలుగుతూనే ఉంటే పెద్ద కరెంటు అసలు పారడమే లేదు. అప్పుడు సాలినాయిడ్ కాంటాక్టులు, కార్బన్ బ్రష్‌లు (మోటర్లో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు), లేదా అంతకు ముందున్న రిలే (కీ సిగ్నల్‌తో సాలినాయిడ్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్) వైపు వెళ్లాలి.

బ్యాటరీ కొలత

మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. బండి అప్పుడే ఆపి ఉన్నా, ఛార్జర్ అప్పుడే తీసి ఉన్నా పై పై ఛార్జి వల్ల అంకె ఎక్కువ చూపిస్తుంది. హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి కొలవండి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి 12.6 లేదా ఆపైన ఉంటే నిండా ఛార్జి ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతే మిగిలింది. ఛార్జి చేశాక కూడా 10.5 దగ్గరే ఆగిపోతుంటే ఆరు సెల్స్‌లో ఒకటి చచ్చిపోయింది. ఒక్కో సెల్ 2.1 వోల్టులు కదా, ఆ బ్యాటరీ ఇక పనికిరాదు.

అసలు అంకె కీ తిప్పినప్పుడు కనిపిస్తుంది. మీటర్ అలాగే పెట్టి సెల్ఫ్ కొట్టించండి. బాగున్న బ్యాటరీ 10 వోల్టుల పైన నిలబడుతుంది. 9.6 కంటే కిందికి జారితే ముందు బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి మళ్లీ పరీక్షించాలి. అప్పటికీ జారితే బ్యాటరీని లోడ్ టెస్ట్ (పెద్ద కరెంటు లాగుతూ వోల్టేజీ చూసే పరీక్ష) చేయించండి. ఉట్టిగా 12.6 చూపించి, లోడ్ పడగానే 5, 6కి పడిపోయే బ్యాటరీలు తక్కువేం కాదు. లోపల పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోయి ఉంటుంది, లేదా సెల్స్‌ని కలిపే అతుకు విడిపోయి ఉంటుంది. రెండేళ్ల బ్యాటరీ అన్న మాట ఇక్కడ సాక్ష్యం కాదు. రోజుల తరబడి దిగిపోయి పడి ఉంటే ఏడాది బ్యాటరీ కూడా పోతుంది.

కొట్టేటప్పుడు కూడా 12.4 లాంటి అంకె కదలకుండా నిలబడిందా? అయితే బ్యాటరీని నిందించకండి. దాని దగ్గర కరెంటు అడిగినవాళ్లే లేరు.

ప్రోబ్ ఎక్కడ పెడుతున్నారో చూడండి

బ్యాటరీ పైన సీసంతో చేసిన పోస్ట్ ఉంటుంది, దాని చుట్టూ కేబుల్ క్లాంప్ ఉంటుంది. చాలామంది ప్రోబ్‌ని, అంటే మీటర్ వైరు సూది కొసని, క్లాంప్ మీదో, బోల్టు మీదో ఆనించి అంకె రాసుకుంటారు. ముందు పోస్ట్ నడిమధ్య పెట్టి కొలవండి, తర్వాత క్లాంప్ మీద కొలవండి, రెండుసార్లూ సెల్ఫ్ కొడుతూనే. పోస్ట్ మీద 12.3 ఉండి, అదే క్షణంలో క్లాంప్ మీద 4 కనిపిస్తే, దొంగ ఆ రెండింటి మధ్యనున్న కాగితమంత మందం పొరలో దాక్కున్నాడు. బయటికి శుభ్రంగా కనిపించే టెర్మినల్ లోపల కూడా నల్లటి పొర కట్టి ఉంటుంది. పైన తెల్లటి పొడి, పచ్చటి చిలుము కనిపిస్తే ఇక చెప్పేదేముంది.

విప్పేటప్పుడు నెగటివ్ ముందు తీయాలి, బిగించేటప్పుడు నెగటివ్ చివర పెట్టాలి. పాజిటివ్ విప్పుతున్నప్పుడు స్పానర్ బాడీకి తగిలినా, నెగటివ్ అప్పటికే ఊడి ఉంటే ఏమీ కాదు. అది ఊడదీయకుండా తగిలితే స్పానర్ ఎర్రగా కాలిపోతుంది. ఉంగరం, వాచీ తీసేయండి. సాధారణంగా 10 నంబర్ స్పానర్ సరిపోతుంది. చిలుము ఉంటే గ్లాసు నీళ్లలో ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి, పొంగు ఆగేదాకా బ్రష్‌తో రుద్దండి. ఆ నీళ్లు సెల్స్‌లోకి వెళ్లకూడదు, మూతలు బిగించి ఉండాలి. తుడిచి ఆరాక పోస్ట్‌నీ, క్లాంప్ లోపలి గుండ్రాన్నీ లోహం మెరిసేదాకా గీకండి. బిగించాక క్లాంప్‌ని చేత్తో తిప్పి చూస్తే వెంట్రుకవాసి కూడా కదలకూడదు. బోల్టు పూర్తిగా బిగిసి చెవులు రెండూ కలిసిపోయినా ఇంకా తిరుగుతుంటే క్లాంప్ మార్చాల్సిందే. సందులో మేకు, తీగ ముక్క దూర్చడం పది రోజుల ముచ్చట. క్లాంప్‌ని సుత్తితో కొట్టి దించకండి, పోస్ట్ లోపలి అతుకు పగులుతుంది. పెట్రోలియం జెల్లీ బిగించిన తర్వాత పైపైన రాయాలి, ముందు కాదు.

కేబుల్స్, ముఖ్యంగా ఎర్త్

బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక కేబుల్ బాడీకి, ఇంకొకటి ఇంజన్‌కో గేర్‌బాక్స్‌కో వెళ్తాయి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఈ ఎర్త్ పట్టీ తుప్పు పడితే ఇంజన్‌కి గట్టి దారి ఉండదు. అప్పుడు కరెంటు దొరికిన దారిలో, అంటే యాక్సిలరేటర్ కేబుల్లాంటి సన్నటి వాటి గుండా పోవడానికి చూస్తుంది. సెల్ఫ్ కొట్టాక అలాంటి కేబుల్ వేడెక్కిందంటే ఎర్త్ పోయినట్టే.

దీన్ని తేల్చడానికి ఒక్క జంపర్ కేబుల్ (రెండు కొసలా కరిచే క్లిప్పులున్న లావు వైరు) చాలు. ఒక కొస బ్యాటరీ నెగటివ్ పోస్ట్‌కి, రెండో కొస ఇంజన్ మీద పెయింటు లేని లోహానికి గట్టిగా కరిపించి సెల్ఫ్ కొట్టండి. వెంటనే తిరిగితే మీ బండికి కావాల్సింది ఎర్త్ పట్టీ మాత్రమే.

మీటర్‌తో అయితే ఇలా: నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోస్ట్ మీద, ఎర్ర ప్రోబ్ సెల్ఫ్ మోటర్ బాడీ మీద పెట్టి కీ తిప్పించండి. 0.3 వోల్టులు దాటకూడదు. పాజిటివ్ వైపు, ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పోస్ట్ మీద, నల్లది సాలినాయిడ్‌కి వచ్చే లావు కేబుల్ బోల్టు కొస మీద. ఇక్కడ 0.5 లోపు ఉండాలి. ఈ కొలతలో ఒక మోసం ఉంది. కరెంటు పారకపోతే ఎంత కుళ్లిన కేబుల్ అయినా సున్నా చూపించి మంచిదనిపించుకుంటుంది. కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ కాస్తయినా కిందికి దిగుతోందంటేనే ఈ అంకెల్ని నమ్మాలి. ఇన్సులేషన్ కింద రాగి పోగులు పచ్చగా మారిపోయి ఉండే కేబుల్స్ పైకి కొత్తవాటిలా ఉంటాయి. టెర్మినల్ దగ్గర వంచి చూస్తే కరకరలాడతాయి, రెండు మూడుసార్లు సెల్ఫ్ కొడితే వేడెక్కుతాయి.

ఒక్క టక్ మాత్రమే వస్తుంటే

ఇప్పుడు నిజంగానే సెల్ఫ్ మోటర్ వైపు రావచ్చు. సాలినాయిడ్‌కి పెద్ద బోల్టులు రెండుంటాయి. ఒకటి బ్యాటరీ నుంచి వచ్చేది, రెండోది మోటర్లోకి వెళ్లేది. పక్కనే సన్నటి సిగ్నల్ వైరు ఉంటుంది. కీ తిప్పినప్పుడు ఆ సన్న వైరు దగ్గర కనీసం 10 వోల్టులు రావాలి. తక్కువ వస్తుంటే ఇగ్నిషన్ స్విచ్, రిలే, క్లచ్ స్విచ్, ఆటోమేటిక్‌లో అయితే న్యూట్రల్ స్విచ్ వెతకండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయి, వేడి మీద ఒక్కటక్‌తో మొరాయించే బళ్లలో ఈ వైరు కొలత తప్పకుండా చూడాలి. వేడికి చుట్ట రెసిస్టెన్స్ పెరుగుతుంది, అప్పటికే తక్కువగా వస్తున్న వోల్టేజీ ఇక చాలదు.

సిగ్నల్ బాగుంటే రెండు ప్రోబ్‌లూ ఆ రెండు పెద్ద బోల్టుల మీద పెట్టండి. ఊరికే ఉన్నప్పుడు మీటర్ 12 దగ్గర చూపిస్తుంది. టక్‌మనగానే దాదాపు సున్నాకి పడాలి, ఎందుకంటే కాంటాక్టులు కలిసి రెండూ ఒకటయ్యాయి. టక్‌మన్నా ఇంకా నాలుగైదు వోల్టులో, మొత్తం పన్నెండో కనిపిస్తే కాంటాక్టులు కాలిపోయాయి. ఐదారుసార్లు కీ తిప్పితే ఒకసారి హఠాత్తుగా ఆరోగ్యంగా తిరగడం దీని గుర్తు. చాలా సెల్ఫ్ మోటర్లలో రాగి కాంటాక్టులు విడిగా దొరుకుతాయి, మోటర్ మొత్తం మార్చక్కర్లేదు. మార్చేటప్పుడు రెండు కాంటాక్టులతో పాటు ప్లంజర్ పళ్లేన్ని కూడా చూడండి. గుంటలు పడ్డ పళ్లెంతో కొత్త కాంటాక్టులు ఎక్కువకాలం నిలవవు.

కార్బన్ బ్రష్‌లు అరిగిపోతే కథ కొంచెం వేరు. లాగే చుట్టకి ఎర్త్ దారి మోటర్ గుండానే అని పైన చెప్పాను కదా, బ్రష్‌లు తాకకపోతే ఆ దారి కూడా తెగుతుంది. టక్ శబ్దం నీరసంగా వస్తుంది, లేదా అసలు రాదు. సెల్ఫ్ మోటర్ మీద చెక్కముక్కతో మెల్లగా తడుతూ కీ తిప్పిస్తే తిరిగిందంటే బ్రష్‌లు ఇరుక్కుంటున్నాయి. ఆ తట్టుడు ఇంటికి చేరడానికే. ఇనుప సుత్తితో బాదకండి, చాలా మోటర్లలో లోపల అతికించిన అయస్కాంతాలుంటాయి, పగులుతాయి. స్క్రూడ్రైవర్‌తో పెద్ద బోల్టులు రెండూ కలిపి నిప్పురవ్వలు పుట్టించే పద్ధతి కూడా వద్దు. గేర్‌లో ఉన్న బండి మనిషి మీదికి వస్తుంది.

డ్యాష్‌బోర్డు దగ్గర సన్నటి టిక్ మాత్రమే వస్తుంటే అది రిలే. ఫ్యూజ్ బాక్స్‌లో అదే నంబరున్న ఇంకో రిలేని పీకి దీని స్థానంలో పెట్టి చూడండి. బటన్ స్టార్ట్ బళ్లలో బ్రేక్ పెడల్ స్విచ్, రిమోట్ కీ లోపలి బిళ్ల బ్యాటరీ కూడా చూసుకోవాలి.

ఇంజనే తిరగకపోతే

బ్యాటరీ లోడ్ టెస్ట్‌లో గెలిచింది, కేబుల్స్ మంచివి, అయినా ఒక్క దెబ్బకి లైట్లన్నీ మసకబారి మోటర్ బిగుసుకుపోతోంది. అప్పుడు కీ వదిలేసి క్రాంక్ పుల్లీ (ఇంజన్‌తో పాటు తిరుగుతూ బెల్టుని నడిపే చక్రం) బోల్టుకి సాకెట్ పెట్టి, ఇంజన్ తిరిగే దిశలోనే చేత్తో తిప్పండి. రెండు చుట్లు తిరగాలి. తిరగకపోతే బెల్టు తీసి మళ్లీ చూడండి, ఏసీ కంప్రెసరో, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరో పట్టేసి ఉండవచ్చు.

నీళ్లలోంచి వచ్చిన బండి అయితే ఒక్కసారి కూడా సెల్ఫ్ కొట్టకండి, తోసి స్టార్ట్ చేయకండి. సిలిండర్లో చేరిన నీరు గాలిలా నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. పెట్రోల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గులు, డీజిల్‌కి గ్లో ప్లగ్గులో ఇంజెక్టర్లో తీసి, చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపాలి.

జంప్ స్టార్ట్

అంటే ఇంకో బండి బ్యాటరీ నుంచి జంపర్ కేబుల్స్‌తో కరెంటు తెచ్చి స్టార్ట్ చేయడం. బ్యాటరీ ఉబ్బి ఉన్నా, పగిలి కారుతున్నా, గడ్డకట్టి ఉన్నా ఈ పని చేయకూడదు. ఎర్ర కేబుల్ ముందు దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కి, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కి. నల్లది మంచి బ్యాటరీ నెగటివ్‌కి, దాని చివరి కొస ఆగిపోయిన బండి ఇంజన్ లోహానికి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, చివరి నిప్పురవ్వ దానికి దూరంగా పడాలి. నెగటివ్ టెర్మినల్ మీద సెన్సర్ ఉన్న స్టార్ట్‌స్టాప్ బళ్లలో కూడా నల్ల కొస లోహానికే పెట్టాలి. మంచి బండిని ఐదు నుంచి పది నిమిషాలు నడవనిచ్చి, అప్పుడు కొట్టండి. ఒక్కో ప్రయత్నం 10 సెకన్లు మించకుండా, మధ్యలో నిమిషం విరామంతో. తీసేటప్పుడు తలకిందుల వరుసలో, చివర పెట్టిన కొస ముందు తీయాలి. హైబ్రిడ్ బళ్ల సంగతి వేరు, నారింజ రంగు కేబుల్స్ జోలికి పోకుండా ఆ బండి పుస్తకంలో చెప్పినట్టే చేయండి.

జంప్‌తో ఠక్కున స్టార్ట్ అయితే సెల్ఫ్ మోటర్‌కి దోషం లేదు. జంప్ పెట్టినా అదే ఒక్క టక్ వస్తే కేబుల్స్, కాంటాక్టులు, ఇంజన్ వైపు తిరిగి వెళ్లండి. ముందు జంపర్ పళ్లు లోహాన్ని నిజంగా కరిచాయో లేదో చూసుకోండి.

బ్యాటరీ ఎందుకు దిగింది?

స్టార్ట్ అయ్యాక బ్యాటరీ పోస్టుల మీద 13.8 నుంచి 14.7 మధ్య రావాలి. 12 చిల్లరలోనే ఆగితే ఆల్టర్నేటరో బెల్టో చూడాలి. కొత్త బళ్లలో కంప్యూటర్ దీన్ని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, కాబట్టి హెడ్‌లైట్లు వేసి కాసేపు గమనించండి. ఆల్టర్నేటర్ పరీక్ష పేరుతో నడుస్తున్న ఇంజన్‌లో బ్యాటరీ టెర్మినల్ పీకకండి. ఆ క్షణంలో లేచే వోల్టేజీకి కంప్యూటర్ కాలిపోవచ్చు. పూర్తిగా దిగిన బ్యాటరీని ఆల్టర్నేటర్ మీద వదిలేయడం కూడా మంచిది కాదు. 45 ఆంపియర్ అవర్ బ్యాటరీని 4, 5 ఆంపియర్లతో 10 నుంచి 12 గంటలు ఛార్జర్ మీద పెట్టండి.

ఛార్జింగ్ బాగున్నా రెండు మూడు రోజులకొకసారి దిగిపోతుంటే ఆపి ఉన్న బండిలో ఏదో తాగుతోంది. నెగటివ్ కేబుల్ తీసి, మీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి కేబుల్‌కీ పోస్ట్‌కీ మధ్య కలపండి. తలుపులు మూసి లాక్ చేసి, అరగంట నుంచి నలభై నిమిషాలు ఆగండి, కంప్యూటర్లు నిద్రపోవాలి. మీటర్ అలా ఉండగా కీ తిప్పితే దాని ఫ్యూజు పోతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే ఫర్వాలేదు. 500 ఉంటే రోజుకి 12 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు, అంటే 45 బ్యాటరీ రెండు రోజుల్లో సగం ఖాళీ. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ అంకె ఎక్కడ పడిపోతుందో చూడండి. ఎక్కువసార్లు దొరికేవి డిక్కీ లైటు, తర్వాత వేయించిన మ్యూజిక్ సిస్టమ్, డ్యాష్‌కామ్. ఫ్యూజులన్నీ పీకినా అంకె దిగకపోతే, మీటర్ తీసి నెగటివ్ కేబుల్ ఊడి ఉండగానే ఆల్టర్నేటర్ వెనక లావు వైరు విప్పి, కొసకి టేపు చుట్టి మళ్లీ కొలవండి. అప్పుడు పడిపోతే లీకవుతున్నది దాని డయోడ్, అంటే కరెంటు వెనక్కి పారకుండా ఆపాల్సిన భాగం.